ట్రే పట్టుకునే ముందు

అమ్మడూ,

వచ్చే నెల సియోల్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. "అక్కడ దీని తిండి ఎలాగక్కా" అని ఒకటే బెంగ దానికి. మీ పెదనాన్న ఉద్యోగం మీద సియోల్ దగ్గరి సువాన్ ఊళ్ళో రెండేళ్ళున్నాం కదా, పొద్దున్న పూట నన్ను ఆదుకున్నవి బేకరీలే.

పారిస్ బాగెట్, తూ లే జూర్: ఈ రెండూ గుర్తుపెట్టుకో. పేర్లు ఫ్రెంచివే గానీ రెండూ కొరియావాళ్ళవే. మొదటిది 1988లో, రెండోది 1997లో మొదలయ్యాయి. ఏ పేటకి వెళ్ళినా ఏదో ఒకటి తగులుతుంది.

లోపల ట్రేలు, పట్టకార్లు పెట్టి ఉంటాయి. ట్రేలో కాగితం పరిచి, కావలసినవి పట్టకారుతో తీసుకో. ట్రేలోకి తీసుకున్నది మళ్ళీ అరలో పెట్టకూడదు, కాబట్టి ముందు ఖాళీ చేతులతో ఒక చుట్టు తిరిగి అన్నీ చూడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, వెళ్ళిన మొదటి వారంలో మన బోండాలా గుండ్రంగా, ఎర్రగా వేగినదొకటి చూసి, లోపల బంగాళాదుంప కూర ఉంటుందనుకుని తెచ్చుకున్నాను. కొరికితే మాంసం. గోరోకే అంటారట దాన్ని. ఆ పూటంతా మంచినీళ్ళు కూడా సయించలేదు నాకు. నీకు అలా కాకూడదు తల్లీ. వేలితో చూపించి "కోగి ఇస్సొయో?" అని అడుగు, మాంసం ఉందా అని. "ఒప్సొయో" అంటే లేదని. హామ్ కూడా పంది మాంసమే, దాని సంగతి మాత్రం విడిగా అడుగు. చాలామంది దాన్ని మాంసం లెక్కలో వేయరు. పేరు చీటీని ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూసుకో. నువ్వు గుడ్డు తింటావు కాబట్టి నయం, దాదాపు అన్నిట్లోనూ అది ఉంటుంది.

ధైర్యంగా తినదగ్గది దాన్‌పాత్‌బ్బాంగ్. మెత్తటి బన్ను, నిగనిగలాడే పైభాగం, నడుమ చిటికెడు నల్లనువ్వులు. విరిస్తే లోపల ఎర్ర చిక్కుడు గింజల ముద్ద, అచ్చం బూరె పూర్ణంలా, ఏలకుల వాసన ఒక్కటే తక్కువ. మొదటిసారి తిన్నప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. బ్బాంగ్ అంటే రొట్టె. పోర్చుగీసు మాట జపాన్ మీదుగా అక్కడికి చేరింది. బొంబాయి పావ్ కూడా ఆ మాటే. పైన పొడిపొడిగా రాలే సొబొరో కూడా బాగుంటుంది. వెల్లుల్లి రొట్టె మాత్రం తియ్యగా ఉంటుంది, కారంగా ఉంటుందని ఆశపడకు.

ప్లాస్టిక్ సంచీ ఊరికే ఇవ్వరు, గుడ్డ సంచీ తీసుకెళ్ళు. కార్డు రెండు చేతులతో ఇవ్వు, అది అక్కడి మర్యాద. టిప్పు అక్కర్లేదు.

నీ పుట్టినరోజు అక్కడే వస్తుంది కదా. కేకు కొంటే కొవ్వొత్తులెన్ని అని అడుగుతారు. పెద్దది పదేళ్ళకి, చిన్నది ఏడాదికి. రెండు పెద్దవి, నాలుగు చిన్నవి అడుగు. వెలిగించే ముందు నాకు వీడియో కాల్ చెయ్యి.

నీ
పెద్దమ్మ