మంచు కింద నిప్పుంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉద్యోగం. మొన్న వెళ్తే రెయినియర్ కొండకు తీసుకెళ్ళాడు. ఆగస్టులోనూ పైనంతా మంచే. అది అగ్నిపర్వతమట! మరి మంచు కరగదేం? వాడు అక్కడే ఇల్లు కొంటానంటున్నాడు. భయపడాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: కరుగుతోందమ్మా, మీకు కనబడని చోట. శిఖరం మీది బిలంలో మంచు అడుగున ఆవిరి సొరంగాలు తొలిచింది. అయితే పైనుంచి పడేదాని ముందు ఆ వేడి ఏ మూలకు? ఆ కొండ వాలు మీదే ఉన్న పారడైజ్ అనే చోట 1971-72లో 28 మీటర్లకు పైగా మంచు కురిసింది. తొమ్మిదంతస్తుల మేడంత!

మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ చూశాను. నలభై ఏళ్ళు భూగర్భశాస్త్రం చెప్పినవాణ్ణి, కొండ చూడక రాళ్ళు చూస్తున్నానని మనవడు విసుక్కున్నాడు. అక్కడ పాత లావా లోయల్లో కాదు, గట్ల మీద ఉంటుంది. రాంపార్ట్ రిడ్జ్ అలాంటిదే. ఆనాడు లోయలు మంచుతో నిండి ఉండేవి, లావాకు పక్కనుంచి పోవడమే దారి. మంచుకు ఒరుసుకున్నచోట చప్పున చల్లారి సన్నటి స్తంభాలుగా పగిలింది. కట్టెలమోపు అడ్డంగా పడేసినట్టుంటుంది.

ఇక భయం సంగతి. లావా అంతదూరం రాదు, వచ్చేది బురద. లోపలి వేడినీళ్ళు, ఆమ్లపు ఆవిర్లు రాయిని నానబెట్టి బంకమట్టి చేస్తాయి. సుమారు 5,600 ఏళ్ళ క్రితం పేలుళ్ళతో శిఖరమే కూలింది, ఆ బురద ప్యూజెట్ సౌండ్ సముద్రపాయ దాకా పోయింది. 500 ఏళ్ళ క్రితం పడమటి వాలు విరిగిపడిన బురద మీదే ఇవాళ ఆర్టింగ్ ఊరుంది. అప్పుడు కొండ పేలిన ఆనవాలైనా లేదు, అదే నాకు గుబులు. ఇళ్ళకు పునాదులు తవ్వుతుంటే పూడిపోయిన పాత చెట్ల మొద్దులు బయటపడ్డాయి. ఇప్పుడక్కడ సైరన్లున్నాయి, బడిపిల్లల చేత మెరకకు నడిచే కసరత్తు చేయిస్తారు.

స్థలం కొనేముందు వాగు ఎటు పొంగుతుందో మనం చూడమూ? ఇదీ అంతే. సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ ఊళ్ళో మెరక మీదైతే నిశ్చింతగా కొనుక్కోమనండి. ఆ కొండ నుంచి దిగే ప్యూయాలప్, కార్బన్ నదుల ఒడ్డున అయితే మాత్రం, వంటగది సంగతి తర్వాత, ముందు మెరక ఎంత దూరమో ఓసారి నడిచి చూసుకోమనండి.