ఫ్యాక్టరీలకి సోలార్ పెట్టే కంపెనీలో జాబ్, అమ్మాయిని చేరమనొచ్చా?

"మా అమ్మాయికి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అయిపోవస్తోంది. ఫ్యాక్టరీలు, మాల్స్ మీద సోలార్ పెట్టే కంపెనీలో డిజైన్ ఇంజనీర్ ఆఫర్ వచ్చింది. ఇంత చదివి రూఫులెక్కి ప్యానెళ్లు బిగించడమేనా?" అని ఒక నాన్నగారు అడిగారు.

బిగించే టీమ్ వేరే ఉంటుందండి. ఏ బిల్డింగ్‌కి ఎంత సోలార్, ఎక్కడ, ఎలా అన్నది తేల్చడమే మీ అమ్మాయి పని, అదేమంత తేలిక కాదు. ఆఫీసులు కరెంటు పగలే వాడతాయి కాబట్టి బాగా కలిసొస్తుంది, కానీ సెలవు రోజు ఏసీలన్నీ ఆఫ్, అప్పుడు వచ్చే యూనిట్లు ఏం చేయాలి? స్కూలైతే ఎండలు దంచే నెలల్లోనే ఖాళీ. హోటల్ లోడ్, అంటే కరెంటు వాడకం, పొద్దు వాలాక పెరుగుతుంది. కోల్డ్ స్టోరేజ్ దొరికితే మాత్రం పండగే, ఎండ పెరిగేకొద్దీ కంప్రెసర్లూ ఎక్కువ తిరుగుతాయి మరి. మాల్‌కి లోడ్ బోలెడు, పైన చూస్తే చిల్లర్లు (పెద్ద ఏసీ యంత్రాలు), డక్టులు (గాలి గొట్టాలు), వాటి నీడలు పోను చోటు మిగలదు. గోడౌన్‌కి రివర్స్, రూఫ్ ఎంత కావాలంటే అంత, లోపల మాత్రం నాలుగు లైట్లు.

రూఫ్ సంగతి కూడా చూడాలి. 550 వాట్ల ప్యానెల్ ఒక్కోటి సుమారు 28 కిలోలు, పాత షెడ్డు ఆ బరువు మోస్తుందా, గాలి కింద నుంచి ఎత్తితే ఆగుతుందా అన్నది స్ట్రక్చరల్ వాళ్లతో లెక్క వేయించాల్సిందే. ఆస్బెస్టాస్ రేకులైతే ముందు రేకులు మార్చమనడమే మంచిది.

అసలు చదువు పనికొచ్చేది ఇక్కడ. ఫ్యాక్టరీ లోడ్ 400 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ (తీసుకునే మొత్తం పవర్‌లో నిజంగా పనికొచ్చే వాటా) 0.95 అనుకోండి, అంటే రియాక్టివ్ పవర్ (మోటార్లలో అయస్కాంత క్షేత్రం కోసం అటూ ఇటూ తిరిగేది) సుమారు 131 కేవీఏఆర్, అది దాని కొలత. మధ్యాహ్నం సోలార్ 300 కిలోవాట్లు ఇస్తోంది, గ్రిడ్ నుంచి తీసుకునేది ఇక 100 మాత్రమే, కానీ సోలార్ ఇన్వర్టర్ యూనిటీ మీద, అంటే రియాక్టివ్ ఏమీ ఇవ్వకుండా, నడుస్తుంటే ఆ 131 కేవీఏఆర్ మాత్రం మొత్తం గ్రిడ్ నుంచే రావాలి, దాంతో మీటర్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.6కి పడిపోతుంది. లోపల మోటార్లు ఎప్పట్లాగే తిరుగుతుంటాయి, బిల్లులో పెనాల్టీ చూసి ఓనర్ "సోలార్ పెట్టించుకున్నందుకా ఇది" అని ఫోన్ చేస్తాడు. ఇన్వర్టర్‌తోనే రియాక్టివ్ కూడా ఇప్పించాలా, రియాక్టివ్ అందించే కెపాసిటర్ ప్యానెల్ పెంచాలా అని ముందే ఆలోచించిన ఇంజనీర్‌కి ఆ ఫోన్ రాదు. అలాగే కరెంటు పోయి డీజిల్ జనరేటర్ నడిచేటప్పుడు లోడ్ కన్నా ఎక్కువ సోలారే ఇచ్చేస్తే పవర్ తిరిగి జనరేటర్‌లోకి పోయే ప్రమాదం ఉంది, సోలార్‌ని తగ్గించే కంట్రోలర్ పెట్టాలి. ఇవన్నీ ఫైనలియర్ సబ్జెక్టులేనండి, పరీక్ష అయ్యాక మర్చిపోయేవి.

కాబట్టి నా ఓటు చేరమనే. పీవీసిస్ట్ (సోలార్ డిజైన్ సాఫ్ట్‌వేర్), ఆటోక్యాడ్, ఎక్సెల్ ఎలాగూ నేర్చుకుంటుంది, సింగిల్ లైన్ డయాగ్రమ్ (కరెంటు కనెక్షన్లన్నీ ఒక్క గీతలతో చూపే బొమ్మ) సొంతంగా వేయడం వచ్చిందంటే రేపు సోలార్ వద్దనుకున్నా బ్యాటరీ స్టోరేజ్, ఈవీ చార్జింగ్, ఎనర్జీ ఆడిట్ వైపు వెళ్లొచ్చు. కాకపోతే డిజైన్ అని పేరు పెట్టి రోజంతా కొటేషన్లు టైప్ చేయించే కంపెనీలూ ఉన్నాయి. కస్టమర్ దగ్గర ప్రతి 15 నిమిషాలకీ వాడకం ఎంతో చూపే లోడ్ డేటా తీసుకుంటారా, లేక నెల బిల్లు చూసి సైజు చెప్పేస్తారా అని కంపెనీ వాళ్లని అమ్మాయినే అడగమనండి, తెలిసిపోతుంది.

ఇంకోటి, సైట్ సర్వేకి తను రూఫ్ ఎక్కక తప్పదు. షెడ్ల మీద వెలుతురు కోసం వేసే ఫైబర్ షీట్లు దుమ్ము పట్టాక మామూలు రేకుల్లో కలిసిపోయి కనపడవు, కాలు పడితే అంతే. హార్నెస్, లైఫ్‌లైన్ (పడిపోకుండా కట్టుకునే బెల్టు, తాడు) ఇస్తారా అని అడిగినప్పుడు నవ్వి ఊరుకునే కంపెనీ అయితే జీతం ఎంతైనా వద్దనండి, ఇదే పని చేసే కంపెనీలు ఇంకా ఉన్నాయి.