కోపం, నిజం, సంతోషం: యమనియమాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఆసనాల గురించి, ప్రాణాయామం గురించి అడిగేవే ఎప్పుడూ ఎక్కువగా ఉంటాయి. ఈసారి చాలామంది యమనియమాల గురించి రాశారు. అందుకు నాకు నిజంగా ఆనందంగా ఉంది. పతంజలి యోగసూత్రాల రెండవ పాదం (అధ్యాయం)లోని 30వ సూత్రం అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం) అనే ఐదింటిని యమాలని, 32వ సూత్రం శౌచం (శుభ్రత), సంతోషం, తపస్సు, స్వాధ్యాయం (పవిత్ర గ్రంథాల అధ్యయనం), ఈశ్వరప్రణిధానం (ఈశ్వరుడికి అర్పించడం) అనే ఐదింటిని నియమాలని చెబుతున్నాయి. వాటిని ఇంట్లోనూ ఉద్యోగంలోనూ పాటించబోయి చిక్కుల్లో పడినవారు అడిగిన ప్రశ్నలే ఇవి. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మూడేళ్లుగా రోజూ పొద్దున్నే గంటసేపు ఆసనాలు వేస్తున్నాను. నడుము నొప్పి తగ్గింది, నిద్ర బాగుపడింది. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మొన్న చాప మడిచి లేచిన పది నిమిషాలకే మా అబ్బాయిని నోటికి వచ్చినట్టు తిట్టాను. యమాలు పట్టుబడకుండా ఆసనాలు వేయడం వ్యర్థమని ఒక పెద్దాయన అన్నారు. మానేయమంటారా?

జవాబు: మానవద్దు. యమాలు, నియమాలు, ఆసనాలు మొదలైనవాటిని పతంజలి మెట్లు అనలేదు, యోగానికి అంగాలు అన్నారు. పసిబిడ్డకు చేతులు పూర్తిగా ఎదిగాక కాళ్లు ఎదగడం మొదలుపెట్టవు, అన్ని అవయవాలూ కలిసే ఎదుగుతాయి. యోగాంగాలను అనుష్ఠించే కొద్దీ అశుద్ధి క్షీణించి జ్ఞానం వెలుగుతుందని 28వ సూత్రం చెప్పడంలోని ఆంతర్యం కూడా ఇదే. అయితే ఆ పెద్దాయన మాటను పూర్తిగా తోసిపుచ్చనూ లేము. రెండవ పాదంలో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు కాగా, యమనియమాలకు 30 నుంచి 45 వరకు పదహారు సూత్రాలు కేటాయించారు. ఏది ఎంత కష్టమో పతంజలికి తెలుసు కాబట్టే అలా చేశారని నా నమ్మకం.

ఇక మీ కోపం సంగతి. హింసను 34వ సూత్రం విడదీసి చూపించిన తీరు గమనించండి. తానే చేసేది, ఇతరుల చేత చేయించేది, ఇతరులు చేస్తుంటే ఆమోదించేది అని హింస మూడు విధాలు. లోభం వల్ల, క్రోధం వల్ల, మోహం వల్ల పుట్టేవిగా ఆ మూడూ తొమ్మిదవుతాయి. స్వల్పం, మధ్యమం, తీవ్రం అనే తేడాలతో ఆ తొమ్మిదీ ఇరవై ఏడవుతాయని యోగసూత్రాలకు ప్రాచీన వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం లెక్కగడుతుంది. ఈ లెక్కను పండితుల ముచ్చట అనుకోకుండా మీ ఇంటికి అన్వయించి చూడండి. అబ్బాయిని మీరు తిట్టడం మొదటిది. 'నువ్వైనా వాడికి గట్టిగా చెప్పవేం?' అని మీవారిని ఎగదోయడం రెండవది. తాతగారు వాణ్ణి కసురుకుంటుంటే 'బాగా అయింది' అని లోలోపల అనుకోవడం మూడవది. మనలో చాలామందిమి మొదటిదాన్ని అదుపు చేసుకోగానే అహింస అలవడిందని పొంగిపోతాము, మిగిలిన రెండూ మాత్రం యథావిధిగా సాగిపోతూనే ఉంటాయి.

తిట్టడానికి మూలం ప్రతిసారీ క్రోధమే కాకపోవచ్చు కూడా. పిల్లవాడు మాట వినకపోతే నలుగురిలో నా పెంపకానికి మచ్చ అనే భావన మోహం. చాప మడిచిన పది నిమిషాలకే జరిగిందన్నారు కనుక నాకు తోచిన మరో మాట చెబుతాను. గంటసేపు కష్టపడి సంపాదించిన ప్రశాంతతను ఎవరూ చెదరగొట్టకూడదని మనసు ఆశిస్తుంది. అది లోభం. ప్రశాంతత కూడా ఒక ఆస్తిగా మారి, దాన్ని ముట్టుకున్నవారిపై మనల్ని మండిపడేలా చేస్తుంది. నా సాధన తొలినాళ్లలో నేను కూడా ఇలాగే ఇంట్లోవారి మీద విరుచుకుపడేవాణ్ణి.

దీనికి సూత్రకారుడు చెప్పిన ఉపాయం ప్రతిపక్షభావన. చెడ్డ ఆలోచనపై తీయని ఆలోచన ఒకటి కప్పి ఊరుకోవడమే ఇదని కొందరు బోధిస్తారు. సూత్రం అడుగుతున్నది అంతకంటే కఠినమైనది: ఈ తిట్టు అంతులేని దుఃఖాన్నీ అజ్ఞానాన్నీ కంటుందని, ఆ ఫలం ముందు నాకే దక్కుతుందని కళ్లకు కట్టినట్టు చూడాలి. ఆచరణలో ఇలా మొదలుపెట్టండి. పక్క గదిలోంచి అబ్బాయిని కేకేసి ఏదీ చెప్పకండి. చెప్పవలసింది ఉంటే లేచి వెళ్లి, వాడి పక్కన నిలబడి మామూలు గొంతుతో చెప్పండి. ఆ నాలుగడుగులు వేసేలోగా సగం మాటలు అనవసరమని మీకే తెలుస్తుంది. నోరు జారిన రోజున 'అలా తిట్టడం నా తప్పు నాన్నా' అని వాడికి చెప్పండి, ఆ వెంటనే 'కానీ నువ్వు మాత్రం...' అని అందుకోకండి. దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేసినప్పుడే అభ్యాసం గట్టిపడుతుందని మొదటి పాదంలో ఉంది. మూడేళ్ల ఆసనాభ్యాసం మీకు ఆ ఓర్పును ఇప్పటికే ఇచ్చి ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మగారికి నయం కావడం కష్టమైన జబ్బు వచ్చింది. తెలిస్తే బెంగతోనే కుంగిపోతుందని మా అన్నయ్య ఆమెకు చెప్పవద్దన్నాడు. ఆమె నా చేయి పట్టుకుని 'నాకేమైందమ్మా, నువ్వైనా చెప్పు' అని అడుగుతోంది. నిజం చెబితే హింస, దాస్తే అసత్యం. ఏది పాటించాలి?

జవాబు: మీ ఉత్తరం చదివాక చాలాసేపు మరో ఉత్తరం తెరవలేకపోయాను. అహింసా సత్యమూ ఎదురుపడిన చోట వ్యాసభాష్యం తీర్పు స్పష్టంగానే ఉంది. మిగిలిన యమనియమాలన్నిటికీ మూలం అహింస, దాన్ని నిర్మలం చేయడానికే తక్కినవి ఏర్పడ్డాయి. మాట సర్వభూతాలకూ ఉపకారం కోసం పుట్టాలి. ప్రాణులకు చేటు తెచ్చే మాట సత్యంలా వినిపించినా అది సత్యం కాదు, పాపమే అవుతుంది. ఇంతవరకే చదివితే మీ అన్నగారి పక్షమే నెగ్గినట్టు కనబడుతుంది. కానీ అదే భాష్యం సత్యవాక్కు వంచన చేసేది కాకూడదని కూడా నియమం పెట్టింది. వంచనకు ఉదాహరణగా వాచస్పతి మిశ్రుడు ఆ భాష్యానికి తాను రాసిన వ్యాఖ్యలో యుద్ధభూమిలో ద్రోణుడికి ధర్మరాజు ఇచ్చిన జవాబును చూపించాడు. అశ్వత్థామ చనిపోయాడన్నది ఏనుగు విషయంలో నిజమే, కానీ కొడుకు గురించి అడిగిన తండ్రిని ఆ నిజం నిలువునా మోసం చేసింది. అంటే మాటలు సరిగ్గా ఉన్నంత మాత్రాన సరిపోదు, విన్నవారి మనసులో ఏర్పడే బోధ కూడా సరిగ్గా ఉండాలి.

అందువల్ల ఇక్కడ ఆలోచించవలసింది, నిజం చెప్పడం హింస అవుతుందన్న మీ అంచనా ఎంతవరకు సరైనది అన్నదే. ఆమె అడుగుతోంది. తన ఒంట్లో మార్పును తాను గమనిస్తూనే ఉంది. ఇంట్లో అందరూ తలుపు చాటున మాట్లాడుకుని, తాను రాగానే మాట మార్చడం ఆమెకు తెలియకుండా ఉండదు. తన వాళ్ల మధ్యనే తాను ఒంటరి కావడం జబ్బు కంటే పెద్ద బాధ కావచ్చు. పైగా, మిగిలిన కాలాన్ని ఎలా గడపాలి, ఎవరిని చూడాలి, ఏ చికిత్సకు ఒప్పుకోవాలి, దేన్ని వద్దనాలి అన్నవి ఆమె తేల్చుకోవలసిన విషయాలు. దాచిపెట్టడం వల్ల ఆ అధికారం ఆమె చేయి దాటిపోతుంది. ప్రేమతో చేసినా సరే, దాన్ని నేను హింసగానే చూస్తాను.

అలాగని రేపే కూర్చోబెట్టి అంతా ఒక్కసారిగా వల్లించమనడం లేదు. ముందు ఆమెనే అడగండి: 'అమ్మా, నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?' కొందరు అంతా వినాలనుకుంటారు, కొందరు 'మీరే చూసుకోండి, నాకు నొప్పి లేకుండా చేయండి చాలు' అంటారు. ఆ రెండో జవాబు ఆమె నోటి నుంచే వస్తే మౌనం అసత్యం కాదు. వినాలనుకుంటే వైద్యులతో ముందుగా మాట్లాడి, వారి సమక్షంలో, ఆమె ఓపిక ఉన్న సమయంలో, ఆమె అడిగినంత మేర చెప్పండి. తెలియనిది తెలియదనే అనండి. నయమైపోతుందని మాత్రం మాట ఇవ్వకండి. ఈ పని మీ అన్నగారికి తెలియకుండా చేయవద్దు. ఆయన భయం కూడా ప్రేమలోంచే పుట్టింది. ఈ జవాబును ఆయనతో కలిసి చదవండి.

ప్రశ్న: మేము దంపతులం. యోగ సాధనకు బ్రహ్మచర్యం తప్పదంటే మా వంటివారు దూరంగా ఉండవలసిందేనా?

జవాబు: అక్కరలేదు. వ్యాసభాష్యం చెప్పే అర్థం ఇంద్రియ నిగ్రహమే, దాన్ని మెత్తబరచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే సంప్రదాయం గృహస్థులను మరచిపోలేదు. యోగయాజ్ఞవల్క్యం అనే గ్రంథం గృహస్థుకు విధిపూర్వకమైన దాంపత్యాన్నే బ్రహ్మచర్యంగా పరిగణించింది. భార్యాభర్తల మధ్య విశ్వాసం, పరస్పర అంగీకారం, మితం ఉంటే మీరు నిశ్చింతగా సాధన చేయవచ్చు.

ప్రశ్న: కార్యాలయంలో నా బృందంలోని ఒక అమ్మాయి తయారుచేసిన పథకాన్ని పై అధికారుల ముందు నేను వివరించాను. వారు నన్ను మెచ్చుకున్నారు. అది నాదని నేను అనలేదు, ఆమెదని కూడా అనలేదు. మా రంగంలో ఇది మామూలే. అయినా మనసు కుదుటపడడం లేదు.

జవాబు: కుదుటపడకపోవడం మంచి లక్షణం. అమ్మగారి జబ్బు గురించిన ప్రశ్నకు జవాబులో చెప్పిన ఏనుగు ఇక్కడ కూడా ఉంది. మీరు అబద్ధమాడలేదు, కానీ అబద్ధం వారి మనసులో నాటుకుంటుంటే చూస్తూ ఊరుకున్నారు. అది అస్తేయానికీ సత్యానికీ ఒకేసారి భంగం. 'మా రంగంలో మామూలే' అన్న సమర్థన కూడా పాతదే. జాతి, దేశ, కాల, సమయాలు (సమయం అంటే ఇక్కడ సందర్భం) అనే హద్దులు లేకుండా పాటించినప్పుడే యమాలు మహావ్రతమవుతాయని 31వ సూత్రం చెబుతుంది. చేపలను తప్ప మరే ప్రాణినీ హింసించనన్న జాలరిని వ్యాసభాష్యం జాతి అనే హద్దుకు ఉదాహరణగా చూపుతుంది. వృత్తిని సాకుగా చెప్పుకునే మనమందరమూ ఆ జాలరి పక్కన నిలబడినవాళ్లమే.

చేయవలసింది చిన్న పనే. ఆ అధికారులకు ఈ రోజే, ఆమెకు కూడా ప్రతి పంపుతూ, 'ఆ పథకం ఆలోచన, రూపకల్పన ఈమెవి, ఆ సంగతి ఆ రోజు చెప్పకపోవడం నా పొరపాటు' అని రాయండి. ఆమెను విడిగా పిలిచి కృతజ్ఞత చెబితే సరిపోదు. నలుగురి ముందు తీసుకున్నదాన్ని నలుగురి ముందే తిరిగి ఇవ్వాలి.

ప్రశ్న: పెళ్లితో ఆగిపోయిన చదువును పూర్తి చేయాలని ఉంది. ఆ మాట ఎత్తినప్పుడల్లా మావారు, మా అత్తగారు 'యోగా చేస్తావు కదా, సంతోషం నియమమని తెలియదా, ఉన్నదానితో సర్దుకో' అంటున్నారు. నా కోరిక తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ఇది చదివి నాకు బాధ, కొంత ఆగ్రహం కూడా కలిగాయి.

సంతోషం అంటే తన దగ్గర ఉన్న సాధనాలకు మించినదాన్ని కోరకపోవడం అని భాష్యం. కోరిక లేకపోవడం కాదు, చేతకానిదానికై అలమటించకపోవడం. చదవగల బుద్ధి, ఓపిక, పట్టుదల మీ దగ్గర ఉన్న సాధనాలే. వాటిని వాడుకోవడం అసంతృప్తి అయితే, అదే జాబితాలో తపస్సును, స్వాధ్యాయాన్ని పక్కపక్కనే పెట్టడంలో అర్థం ఉండదు. పరీక్షకు శ్రద్ధగా చదవడం, ఫలితం ఎలా వచ్చినా కుంగిపోకుండా మళ్లీ పుస్తకం తెరవడం సంతోష నియమానికి చక్కని ఆచరణ.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. యమనియమాలు మనిషి తన మీద తాను పెట్టుకునే వ్రతాలు. భార్య ఎంత సంతోషంగా ఉండాలో భర్త, కోడలు ఎంత సర్దుకోవాలో అత్తగారు కొలిచి చెప్పడానికి అవి ఇచ్చిన కొలబద్దలు కావు. ఎదుటివారి నోరు మూయించడానికి ఒక నియమాన్ని వాడినప్పుడు, అన్నిటికీ మూలమైన అహింసే ముందు దెబ్బతింటుంది. ఇంట్లో పెద్దలు సంతోషాన్ని పాటించదలిస్తే, ఒక పూట పని తమ మీద పడినందుకు నొచ్చుకోకుండా ఉండడం నుంచి మొదలుపెట్టవచ్చు.

మీ వంతుగా చేయవలసింది, ఈ మాటను దెప్పిపొడుపుకు బదులుగా కాక స్థిరంగా చెప్పడం. ఏ చదువు, ఎంత కాలం, రోజుకు ఎన్ని గంటలు, ఆ గంటల్లో ఇంటి పని ఎవరు చూడాలి అన్నవి కాగితం మీద రాసుకుని మీవారితో కూర్చోండి. మొదటిసారి ఒప్పుకోకపోవచ్చు. రెండోసారి, మూడోసారి కూడా అదే గొంతుతో అడగండి.

ప్రశ్న: నాకు దేవుడిపై నమ్మకం లేదు. ఈశ్వరప్రణిధానాన్ని ఏం చేయాలి?

జవాబు: ఆ పదానికి వేరే అర్థం ఉందని చెప్పి మిమ్మల్ని బుజ్జగించలేను. సర్వకర్మలనూ పరమగురువైన ఈశ్వరుడికి అర్పించడమని భాష్యం స్పష్టంగా చెబుతుంది. అయితే సమాధికి మార్గాలు చెప్పే మొదటి పాదంలో, 23వ సూత్రం 'ఈశ్వరప్రణిధానం వల్ల గానీ' అంటూ దాన్ని వికల్పంగా పేర్కొంది. మిగిలిన తొమ్మిదింటికీ నమ్మకం అడ్డురాదు. మీరు వాటితో మొదలుపెట్టండి. చేసిన పని ఫలితాన్ని 'నాది' అని పట్టుకోకుండా వదలడం మీకు చేతనైనంత మేర సాధన చేయండి. పదవదాని గురించి ఒక ఏడాది గడిచాక మళ్లీ రాయండి.