లెన్సు అద్దెది, డ్రోన్ వేరొకరిది.. పెళ్లివారికి జవాబుదారీ ఎవరు?

ప్రశ్న: పెళ్లి ఫొటోగ్రఫీ మొదలుపెడుతున్నాను. కెమెరా ఒకటి కొన్నాను. రెండో కెమెరా బాడీ, 70-200 జూమ్ లెన్సు, ఫ్లాష్‌లు అద్దెకు తెస్తాను. డ్రోన్‌కు, ఆల్బమ్‌కు బయటివాళ్లే దిక్కు. సామాను పాడైనా, ఫొటోలు పోయినా బాధ్యత ఎవరిది? తీసిన ఫొటోలు నా పేజీలో పెట్టుకోవచ్చా?

జవాబు: పెళ్లివారు మాట్లాడుకున్నది మీతో. డ్రోన్ నడిపేదెవరో, ఆల్బమ్ ఏ ల్యాబ్‌లో వేయిస్తారో వాళ్లకు అనవసరం. వీళ్లలో ఎవరు చెయ్యిచ్చినా సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్ నోటీసు వచ్చేది మీకే. ఆ నష్టాన్ని తర్వాత వాళ్ల నుంచి రాబట్టుకోవాలంటే మీ దగ్గర కాగితం ఉండాలి.

ముందు అద్దె సామాను సంగతి. వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత భద్రంగా చూసుకుంటాడో అద్దె వస్తువునూ అలాగే చూడాలంటుంది కాంట్రాక్టు చట్టం-1872లోని 151వ సెక్షన్. అంత జాగ్రత్త పడినా పాడైతే మీ బాధ్యత లేదు. అయితే 152వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది: ప్రత్యేక షరతు ఏదీ లేనప్పుడే ఈ రక్షణ. ఆ షరతు రశీదు వెనక సన్నటి అక్షరాల్లో ఉండొచ్చు, 'ఎలా పాడైనా పూర్తి ధర చెల్లించాలి' అని. చదివాకే సంతకం పెట్టండి.

లోపమున్న వస్తువును అద్దెకిస్తే, దాని మూలంగా మీకు కలిగిన నష్టానికి ఇచ్చినవారే బాధ్యులు. లోపం తమకు తెలియదన్నా 150వ సెక్షన్ ఒప్పుకోదు. కానీ లోపం ముందే ఉందని మీరు చూపించాలి. అందుకే కౌంటర్ దగ్గరే పరీక్షించండి. లెన్సులోకి ఒకవైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్16 దగ్గర పెట్టి తెల్లగోడను ఫోకస్ తప్పించి తీస్తే కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలై బయటపడుతుంది. సీరియల్ నంబరు కనపడేలా వీడియో తీసి, ఉన్న గీతల్ని రశీదు మీద రాయించుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడూ ఇదే పని. షరతులకు విరుద్ధంగా స్నేహితుడి చేతికి ఇచ్చారా, ఆ వాడకంలో వచ్చే నష్టమంతా 154వ సెక్షన్ కింద మీ మెడకే.

ఇక మెమొరీ కార్డు. రెండు స్లాట్లున్న బాడీలో రెండు కార్డుల్లోనూ ఒకేసారి పడేలా సెట్ చేయండి; మొదటిది నిండాక రెండోదానికి వెళ్లే సెట్టింగు బ్యాకప్ కాదు. ఎర్రర్ వస్తే ఆ కార్డు మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకండి, ఫార్మాట్ చేయకండి, తీసి రికవరీకి ఇవ్వండి. నష్టం తగ్గించే ప్రయత్నం ఏం చేశారన్నది కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద కోర్టు చూస్తుంది, కాబట్టి రికవరీ బిల్లు మీకు సాక్ష్యం. 'ఫొటోలు పోతే తీసుకున్న సొమ్ము వాపసు వరకే బాధ్యత' అన్న షరతు రాసుకోవచ్చు. మంచిదే. కానీ మీ నిర్లక్ష్యం రుజువైతే దాన్ని నమ్ముకోలేరు. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అప్పటిదాకా ఒరిజినల్ ఫైళ్లు చెరపకండి.

డ్రోన్ ఆపరేటర్‌ను 'లైసెన్సు ఉందా?' అని నోటితో అడిగి వదిలేయొద్దు. డ్రోన్ నిబంధనలు-2021 ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. దాని కాపీ, డ్రోన్ గుర్తింపు సంఖ్య, బీమా కాగితం మూడూ తీసుకోండి. ఎగరేసే చోటు రెడ్ జోన్‌లో, అంటే కేంద్రం అనుమతి లేనిదే డ్రోన్ ఎగరేయకూడని ప్రాంతంలో, ఉందేమో ముందే చూడమనండి. ల్యాబ్‌కు ఆర్డరిచ్చేటప్పుడు పేజీల సంఖ్య, పేపరు రకం, ఇచ్చే తేదీ రాతలో ఉంటే చాలు.

ఫొటోల హక్కు దగ్గర చాలామంది పొరబడతారు. కాపీరైట్ చట్టం-1957, సెక్షన్ 17(బి) ప్రకారం ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి యజమాని వారే, వేరే ఒప్పందం లేకుంటే. షట్టర్ నొక్కింది మీరైనా సరే! కాబట్టి పేజీలో పెట్టుకునే అనుమతిని అడ్వాన్స్ తీసుకునే రోజే రాయించుకోండి. ఏవి పెట్టకూడదో కూడా అందులోనే ఉండనివ్వండి. రెండో ఫొటోగ్రాఫర్‌ను పిలిస్తే, కార్డులు అదే రాత్రి అప్పగిస్తానని, సొంతంగా ఎక్కడా పెట్టనని అతనితోనూ రాయించండి.

మీరు కొన్న కెమెరాలోనే లోపముంటే? 'వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివి కాదు' అని కంపెనీ వాదించవచ్చు. కేవలం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని వాడుకునే వస్తువుకు ఆ వాదన చెల్లదని వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని సెక్షన్ 2(7) వివరణ చెబుతోంది. బిల్లు, వారంటీ మీ పేరునే ఉంచుకోండి.