ప్రోటాన్ రేడియేషన్: ఎవరికి అవసరం, ఎవరికి కాదు

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ వస్తే ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు. వెన్నులోకి పాకలేదన్నారు. ఇప్పుడు తలకీ వెన్నుకీ రేడియేషన్ ఇవ్వాలట. చెన్నై తీసుకెళ్లి ప్రోటాన్ ఇప్పించమని బంధువులు అంటున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: ఉంటుందమ్మా. కానీ జబ్బు నయం కావడంలో ప్రోటాన్, మామూలు ఎక్స్‌రే రేడియేషన్ రెండూ దాదాపు సమానమే. తేడా అంతా గడ్డ లేని చోట. ఎక్స్‌రే కిరణం వీపులోంచి దూరి, వెన్నుని దాటి, గుండె, థైరాయిడ్, పేగుల మీదుగా ముందువైపు బయటికి పోతుంది. ప్రోటాన్ కణం మాత్రం తన శక్తిలో ఎక్కువ భాగం తన దారి చివర్లో వదిలి అక్కడే ఆగిపోతుంది. ముందు ఎన్నో ఏళ్లు బతకాల్సిన పిల్లాడికి ఇది పెద్ద మేలు. పెద్దయ్యాక గుండె జబ్బు, రెండో క్యాన్సర్ వచ్చే ముప్పు తగ్గుతుంది. వాంతులు, నీరసం కూడా తక్కువే.

అయితే మెదడంతటికీ రేడియేషన్ ఎలాగూ పడుతుంది కాబట్టి చదువు, హార్మోన్ల సమస్యలు పూర్తిగా తప్పవు. ఎదిగే పిల్లల్లో వెన్ను వంకరపోకుండా వెన్నుపూస మొత్తానికీ సమానంగా ఇస్తారు, అందుకని ఎత్తు కొంత తగ్గుతుంది.

సాధారణంగా తలకీ వెన్నుకీ 23.4 గ్రే (రేడియేషన్ డోసు కొలత), గడ్డ ఉన్నచోట మొత్తం 54 గ్రే. రోజుకి 1.8 చొప్పున 30 సార్లు, అంటే ఆరు వారాలు చెన్నైలోనో ముంబైలోనో ఉండాలి. చెన్నై అపోలోలో 2019 నుంచి ఈ చికిత్స ఉంది. నవీ ముంబైలోని టాటా మెమోరియల్ వారి కేంద్రంలోనూ ఉంది. కొలత తీసి చేసిన ప్లాస్టిక్ మాస్కుతో తల కదలకుండా బిగిస్తారు. బాబు చిక్కిపోయి మాస్కు వదులైనా, సైనస్‌లో నీరు చేరినా ప్రోటాన్ ఆగాల్సిన లోతు మారిపోతుంది. మధ్యలో మళ్లీ సీటీ స్కాన్ తీస్తారా అని ముందే అడగండి. ఖర్చు అంచనా రాయించుకునేటప్పుడు అది కూడా కలిపారో లేదో చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం తేదీ. ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి. ఈ వారమే బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (గడ్డ ముక్కలు దాచిన మైనపు దిమ్మెలు), ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తీసిన ఎమ్మారై సీడీలు, వెన్ను ఎమ్మారై, వెన్నునీటి రిపోర్టు పంపి, మొదటి డోసు తేదీ అడగండి. ఆ గడువులో దొరక్కపోతే ప్రోటాన్ కోసం ఆగొద్దు. దగ్గర్లో మంచి ఎక్స్‌రే రేడియేషన్ యంత్రం ఉన్నచోట వేళకి మొదలుపెట్టించండి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్. ప్రోటాన్‌కి పొలం అమ్మాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. అమెరికాలో సుమారు 450 మందిని రెండు జట్లుగా చేసి పోల్చిన పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. పేగు ఇబ్బందుల్లో గానీ, జబ్బు అదుపులో గానీ ఐఎమ్మార్టీకీ (గడ్డ ఆకారానికి తగ్గట్టు మలిచి ఇచ్చే ఎక్స్‌రే రేడియేషన్) ప్రోటాన్‌కీ తేడా కనబడలేదు. హైదరాబాద్‌లో ఐఎమ్మార్టీ చేయించండి. రోజూ టేబుల్ ఎక్కేముందు విరేచనం అయి ఉండాలి, చెప్పినన్ని నీళ్లు తాగి మూత్రసంచి నిండుగా ఉంచుకోవాలి. మలాశయంలో గ్యాస్ ఉంటే ప్రోస్టేట్ పక్కకి జరుగుతుంది. అప్పుడు కిరణం గురి తప్పుతుంది.