గువ్వలచెరువు ఘాట్‌లో ఇంజన్ టకటకకి ప్రీమియం పెట్రోలే మందా?

అన్నా, కడప దగ్గరి గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమంటోంది, 95 ఆక్టేన్ ప్రీమియం పెట్రోల్ పోయిస్తే అది పోయి పవర్, మైలేజీ పెరుగుతాయా అని అడిగారు. మీది టర్బో లేని 1.2 లీటర్ బండి. మాన్యువల్‌లో 91 ఆక్టేన్ చాలని ఉందని మీరే రాశారు. అట్లాంటప్పుడు 95 పోయిస్తే పవర్ రాదు. ఆక్టేన్ అంటే పెట్రోల్‌లో ఉండే సత్తువ కాదు, స్పార్క్ రాకముందే తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే గుణం. పైగా ఇప్పుడు మామూలు పెట్రోల్‌లోనూ ఇథనాల్ కలుస్తోంది, దాని ఆక్టేన్ 100 పైనే.

లెక్క చూడండి. మీరు చెప్పిన ధరలు లీటరుకి మామూలుది 110, ప్రీమియం 118 రూపాయలు. ఖర్చు సరిపోవాలంటే లీటరుకి 18 కిలోమీటర్లు వచ్చే మైలేజీ 19.3 దాటాలి. ఈ ఇంజన్‌లో అది జరగదు. నమ్మకం లేకుంటే ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, పంపు తనంతట తాను మొదటిసారి ఆగగానే (ఆటో కట్) ఆపించి, రెండేసి ట్యాంకులు కొలవండి. టైర్ల గాలి మాత్రం మారకూడదు.

ఇక టకటక. ఎండాకాలం, ఏసీ, నలుగురు మనుషులు, ఎక్కుడులో నాలుగో గేరు: ఇంజన్ మొత్తుకోక ఏం చేస్తుంది? మూడుకి దించండి, 2500 ఆర్‌పీఎం పైన ఉంచండి. అప్పుడూ వస్తే స్పార్క్ ప్లగ్గులు, కూలెంట్ మట్టం, రేడియేటర్ ఫ్యాన్, లోపలి కార్బన్ చూపించండి. కూలెంట్ మూత మాత్రం ఇంజన్ చల్లారాకే తీయాలి. (గువ్వలచెరువులో ఆగి పాలకోవా తినేంతసేపట్లో చల్లారదు!)

ట్యాంకు మూత లోపల 95 తప్పనిసరి అని రాసున్న బండికైతే బేరమాడకుండా అదే పోయించాలి.