మెమరీ ఖాళీగా ఉన్నా కెమెరాకు బఫర్ ఎందుకు దొరకదు?

ప్రశ్న: మాది అనంతపురం. వేరుశనగ గింజలను రంగును బట్టి వేరుచేసే యంత్రం కోసం లినక్స్ బోర్డు మీద కెమెరా డ్రైవర్ రాస్తున్నాను. పొద్దున బాగానే నడుస్తుంది. మధ్యాహ్నానికి బఫర్ (ఒక చిత్రం పట్టేంత మెమరీ) దొరకక ఆగిపోతుంది. అప్పుడు కూడా 600 ఎంబీ ఖాళీ అని చూపిస్తోంది. రోజూ ఒకసారి రీస్టార్ట్ చేయమంటున్నారు మిత్రులు. వేరే దారి లేదా?

జవాబు: ఉంది. రీస్టార్ట్‌తో సర్దుకుపోకండి. సీజన్‌లో యంత్రం ఆగితే దాని వెనక గింజలూ కూలీలూ ఆగిపోతారు.

మీ కెమెరాకు కావలసింది ఒకేచోట వరుసగా ఉన్న ఖాళీ. ఇంటి నిండా కడప బండ ముక్కలున్నా, అటకకు ఆరడుగుల పలక వేయాలంటే అవి పనికిరావు. లెక్క చూడండి. 1920×1080 చిత్రానికి పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున 41,47,200 బైట్లు, అంటే దాదాపు 4 ఎంబీ. మెమరీని పేజీలనే ముక్కలుగా లెక్కపెట్టే, ఆ పేజీ 4 కేబీ ఉన్న కెర్నెల్‌లో మెమరీ పంచే భాగమైన బడ్డీ అలొకేటర్ మామూలుగా ఇవ్వగల అతి పెద్ద ముక్క కూడా అంతే. బూట్ అయిన కొత్తలో అవి దండిగా ఉంటాయి, పోనుపోను చీలిపోతాయి. ఆగిపోయిన వెంటనే ‘ప్రాక్’ ఫోల్డర్లోని ‘బడ్డీఇన్ఫో’ ఫైలు తెరవండి. ప్రతి వరుసలోనూ కుడి చివరి అంకె సున్నా ఉంటే సంగతి ఇదే.

మెమరీ తీసుకునే మరో ఫంక్షన్ ‘వీమాలాక్’ వైపు వెళ్లకండి. అది ఇచ్చే వరుస కెర్నెల్‌కే కనిపిస్తుంది. చెదిరిన చిరునామాలను పరికరానికి వరుసగా చూపే ఐఓఎంఎంయూ లేని బోర్డులో, కెమెరా నేరుగా మెమరీలో రాసే పద్ధతి అయిన డీఎంఏకు భౌతిక చిరునామాలే వరుసగా ఉండాలి.

మీకు తగినది సీఎంఏ, అంటే వరుస మెమరీ ఇచ్చే అలొకేటర్. శాంసంగ్ ఇంజినీర్లు రాసిన ఈ ఏర్పాటు 2012లో లినక్స్ 3.5తో వచ్చింది. బూట్ సమయంలోనే కొంత మెమరీని పక్కన పెడుతుంది. డ్రైవర్ అడగనంతసేపూ అందులో కదిలించడానికి వీలైన పేజీలను ఉండనిస్తుంది, అడగగానే వాటిని వేరేచోటికి తరలిస్తుంది. పూర్వం ‘మెమ్’ పారామీటర్‌తో ర్యామ్‌లో కొంత కోసి దాచేవాళ్లు. కెమెరా నడవకపోయినా అది ఇంకెవరికీ దక్కేది కాదు. చిన్న బోర్డులో అంత వృథా నాకు నచ్చదు.

ఎనిమిది బఫర్లకు 32 ఎంబీ చాలు, మీరు ‘సీఎంఏ=64ఎం’ అని బూట్ పారామీటర్ ఇవ్వండి. బఫర్లన్నీ డ్రైవర్ మొదలయ్యే ‘ప్రోబ్’ ఫంక్షన్లో ఒక్కసారే ‘డీఎంఏ_అలాక్_కోహెరెంట్’తో తీసుకుని చివరిదాకా అట్టిపెట్టుకోండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఎవరైనా పిన్ చేసి పట్టుకున్న పేజీ కదలదు, ఆ క్షణంలో సీఎంఏ కూడా చేతులెత్తేస్తుంది. ప్రతి బ్యాచ్‌కూ అడిగి వదిలేసే డ్రైవర్ ఏదో ఒకరోజు అక్కడ ఇరుక్కుంటుంది.

తర్వాత ‘ప్రాక్’లోనే ఉన్న ‘మెమ్ఇన్ఫో’లో ‘సీఎంఏటోటల్’ 65536 కేబీ అని ఉందో లేదో చూడండి. ఆ వరుసే కనిపించకపోతే కెర్నెల్‌లో సీఎంఏ ఆపి ఉన్నట్టు. దాన్నీ డీఎంఏ సీఎంఏ ఆప్షన్‌నూ పెట్టి కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయాలి.